పాత స్పోర్ట్స్ కారు కొంటున్నారా? ముందు టైమింగ్ బెల్ట్ బిల్లు అడగండి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో స్పోర్ట్స్ కారును షోరూమ్‌లో కొత్తగా కొనేవాళ్లు తక్కువ. చేతులు మారి వచ్చే బండ్లే ఎక్కువ. విశాఖలోనో, హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో పదేళ్లు, పదిహేనేళ్లు తిరిగిన కారు మూడో ఓనరు దగ్గరకో, నాలుగో ఓనరు దగ్గరకో ఇక్కడికి చేరుతుంది. మన దేశంలో వచ్చిన మొదటి తరం హోండా సిటీ వీటెక్, 2004 నాటి స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్, ఫియట్ పాలియో 1.6, ఫోర్డ్ ఫియెస్టా 1.6 ఎస్, మిత్సుబిషి సెడియా, లీనియా టీ-జెట్, అబార్త్ పుంటో లాంటివి. కాగితం మీద వీటిలో కొన్ని మామూలు ఫ్యామిలీ కార్లే. ఇంజిన్ కోసం వెతుక్కుని కొనేవాళ్లకు మాత్రం ఇవే స్పోర్ట్స్ కార్లు. వీటన్నిటికీ ఒక పోలిక ఉంది. ఇంజిన్ పక్కన ప్లాస్టిక్ కవర్ వెనక, పళ్లున్న రబ్బరు బెల్టు ఒకటి తిరుగుతుంటుంది. కొనేవాళ్లు పెయింట్ చూస్తారు, టైర్లు చూస్తారు, సైలెన్సర్ సౌండ్ వింటారు, ఆర్‌సీ, ఇన్సూరెన్స్ అడుగుతారు. ఈ బెల్టు సంగతి అడిగేవాళ్లు తక్కువ. అది కంటికి కనబడదు. పైగా తెగే ముందు రోజు కూడా చాలాసార్లు ఇంజిన్ శుభ్రంగానే నడుస్తుంది.

ఆ బెల్టు చేసే పని తెలిస్తే భయం ఎందుకో అర్థమవుతుంది. ఇంజిన్ కింది భాగంలో క్రాంక్ షాఫ్ట్, పైభాగంలో కామ్ షాఫ్ట్ ఉంటాయి. పిస్టన్లు కిందికీ పైకీ ఆడుతూ క్రాంక్‌ను తిప్పుతాయి. కామ్ వాల్వులను తెరిచి గాలిని లోపలికి రానిస్తుంది, కాలిన పొగను బయటికి పోనిస్తుంది. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే కామ్ సరిగ్గా ఒక్క చుట్టు తిరగాలి. ఈ లెక్క తప్పకుండా రెండింటినీ కట్టి ఉంచేది టైమింగ్ బెల్ట్. ఇంజిన్ 6,000 ఆర్‌పీఎంలో (నిమిషానికి 6,000 చుట్లు) ఉందంటే కామ్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతోంది, ప్రతి వాల్వూ సెకనుకు 50 సార్లు తెరుచుకుని మూసుకుంటోంది. అంత వేగంలో పిస్టన్ పైకి వచ్చే క్షణానికి వాల్వు మూసుకుపోయి ఉండాలి. ఈ క్రమమంతా ఆ రబ్బరు పళ్ల మీదే ఆధారపడి ఉంది.

ఒకప్పుడు ఈ పని గేర్లు, గొలుసులు చేసేవి. పళ్ల రబ్బరు బెల్టుతో ఓవర్‌హెడ్ కామ్ నడిపిన తొలి ఉత్పత్తి కారు 1962లో వచ్చిన పశ్చిమ జర్మనీ గ్లాస్ 1004. 1966లో ఫియట్ తన ట్విన్ కామ్ ఇంజిన్‌కు బెల్టు పెట్టింది. చప్పుడు తక్కువ, బరువు తక్కువ, ఆయిల్ అక్కర్లేదు, ఖర్చూ తక్కువ. అందుకే తర్వాతి నలభై ఏళ్లలో చాలా కంపెనీలు ఇదే దారి పట్టాయి. ఒక్కటే షరతు: ఆయుష్షు తీరకముందే బెల్టు మార్చాలి.

మార్చకపోతే ఏమవుతుందన్నది ఇంజిన్‌ను బట్టి ఉంటుంది. కొన్ని ఇంజిన్లలో వాల్వు పూర్తిగా కిందికి దిగినా పిస్టన్‌కు తగలనంత చోటు ఉంటుంది. బెల్టు తెగితే బండి ఆగిపోతుంది, కొత్త బెల్టు వేస్తే మళ్లీ నడుస్తుంది. రెండో రకాన్ని ఇంటర్‌ఫియరెన్స్ ఇంజిన్ అంటారు. వీటిలో పిస్టన్, వాల్వు ఒకే చోటును వంతులవారీగా వాడుకుంటాయి. బెల్టు తెగితే కామ్ ఆగిపోతుంది, కొన్ని వాల్వులు తెరుచుకున్నవి తెరుచుకున్నట్టే ఉండిపోతాయి, కింద పిస్టన్లు ఆ ఊపులోనే పైకి వచ్చి వాటిని గుద్దుతాయి. వాల్వులు వంగుతాయి. ఒక్కోసారి గైడ్లు పగులుతాయి, పిస్టన్ తల మీద గుంటలు పడతాయి. వాల్వులుండే ఇంజిన్ పైభాగం, అంటే హెడ్, దింపక తప్పదు. ఎక్కువ కంప్రెషన్, పెద్ద వాల్వ్ లిఫ్ట్ (వాల్వు కిందికి దిగే దూరం), సిలిండర్‌కు నాలుగైదు వాల్వులు పెట్టిన పవర్ ఇంజిన్లలో ఖాళీ జాగా తక్కువ కాబట్టి ఎక్కువ భాగం ఈ రకమే. పాత ఆక్టేవియా ఆర్ఎస్‌లోని 1.8 టర్బోకు సిలిండర్‌కు 5 చొప్పున మొత్తం 20 వాల్వులు. అక్కడ బెల్టు తెగితే ఒక్క వాల్వుతో పోదు.

డబ్బు ఒక్కటే అయితే సర్దుకోవచ్చు. రాత్రిపూట జాతీయ రహదారి 16 మీద, రణస్థలం దాటి లారీల మధ్య నూరు వేగంలో వెళ్తుండగా ఇంజిన్ ఒక్కసారిగా ఆగిపోతే పవర్ స్టీరింగ్ బరువెక్కుతుంది. బ్రేక్ బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ రెండు మూడు తొక్కులకే అయిపోతుంది, తర్వాత పెడల్ రాయిలా గట్టిపడుతుంది. ఇంట్లోవాళ్లు పక్క సీట్లో ఉండగా ఎవరూ కోరుకునే పరిస్థితి కాదిది.

కొనబోయే బండిలో బెల్టు ఉందా, గొలుసు ఉందా అన్నది మొదట తేల్చుకోవాలి. కంపెనీ పేరు చూసి చెప్పేస్తే పొరపాటు పడే ప్రమాదం ఉంది. హోండా సిటీ మొదటి తరం వీటెక్‌లో బెల్టు, 2003 చివర్లో వచ్చిన రెండో తరంలో గొలుసు. మిత్సుబిషి ల్యాన్సర్ ఎవో తొమ్మిదో తరం దాకా బెల్టు, పదో తరంలో గొలుసు. 2004 ఆక్టేవియా ఆర్ఎస్‌లో బెల్టు, 2017లో వచ్చిన ఆర్ఎస్ 230లో గొలుసు. అలాగని కొత్త బండ్లన్నీ గొలుసువే అనుకోకూడదు. ఇప్పటి స్కోడా స్లావియా, ఫోక్స్‌వ్యాగన్ వర్టస్‌లలోని 1.0, 1.5 టీఎస్ఐ ఇంజిన్లు బెల్టువే. యూట్యూబ్‌లో ఫెరారీ వీడియోలు చూసి ఇదంతా డబ్బున్నవాళ్ల గొడవ అనుకునేవాళ్లూ ఉన్నారు. ఫెరారీ 348, ఎఫ్355లలో బెల్టు మార్చాలంటే ఇంజిన్ మొత్తం కిందికి దింపాల్సిందే. 2004లో ఎఫ్430 వచ్చాక ఆ వి8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్లలో గొలుసు పెట్టారు. ఖర్చులో తేడా ఉండొచ్చు గానీ, బెల్టు గడువు అన్న సూత్రం పాలియోకూ ఫెరారీకీ ఒక్కటే. గొలుసు బండి అయితే ఈ వ్యాసంలోని సగం పని తప్పుతుంది. పూర్తిగా నిశ్చింత మాత్రం కాదు. గొలుసూ సాగుతుంది, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనరూ పాడవుతుంది. చల్లని ఇంజిన్ స్టార్ట్ చేయగానే మొదటి కొన్ని సెకన్లు గలగలమంటే ఆగి ఆలోచించాలి.

అసలు చిక్కు కిలోమీటర్ల దగ్గర ఉంది. ఓనర్ మాన్యువల్‌లో బెల్టు గడువు రెండు లెక్కల్లో ఉంటుంది: ఇన్ని కిలోమీటర్లు లేదా ఇన్నేళ్లు, ఏది ముందొస్తే అది. ఇంజిన్‌ను బట్టి మారినా, ఎక్కువ భాగం 60,000 నుంచి 1,20,000 కిలోమీటర్లు, 5 నుంచి 10 ఏళ్ల మధ్య ఉంటుంది. మనవాళ్లు మొదటి సగం మాత్రమే పట్టించుకుంటారు. 2008 మోడల్ బండి 42,000 కిలోమీటర్లే తిరిగిందంటే సంబరపడిపోతారు. ఆ బెల్టు మార్చి ఉండకపోతే, అది పదిహేనేళ్లు దాటిన రబ్బరు. కదలకుండా ఉన్నా రబ్బరు ముసలిదవుతుంది, గట్టిపడుతుంది, పళ్ల మొదళ్లలో పగుళ్లు మొదలవుతాయి. నెలల తరబడి షెడ్డులో నిలిపి ఉంచిన బండిలో బెల్టు ఒకే చోట వంగి ఉండిపోతుంది. విశాఖ నేవీలోనో, షిప్పుల్లోనో, గల్ఫ్‌లోనో పనిచేస్తూ ఏడాదికి రెండు నెలలు సొంతూరు వచ్చి నడిపిన బండ్లు ఈ జిల్లాల్లో చాలానే ఉన్నాయి. అలాంటి బండికి పెయింట్ మెరుస్తుంది, సీట్లు కొత్తగా ఉంటాయి, మీటరు తక్కువ చూపిస్తుంది. బెల్టు విషయంలో అనుమానించాల్సింది వాటినే.

హైదరాబాద్ బండికి ఇంకో లెక్క ఉంది. ట్రాఫిక్‌లో ఇంజిన్ ఊరికే ఆన్‌లో ఉన్నా 800 ఆర్‌పీఎం దగ్గర గంటకు 48,000 చుట్లు తిరుగుతుంది. మీటర్‌లో ఒక్క కిలోమీటరూ పెరగదు. పలాస నుంచి విశాఖకు హైవే మీద తిరిగిన 60,000, అమీర్‌పేటలో నిలబడుతూ కదులుతూ తిరిగిన 60,000 బెల్టుకు ఒకటి కావు. రీడింగ్ వెనక్కి తిప్పేసి ఉంటే ఇక ఆ అంకెకు అర్థమే లేదు.

ఇక్కడి వాతావరణం కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఎండాకాలం ఇంజిన్ గదిలో వేడి రబ్బరును త్వరగా ముసలిదాన్ని చేస్తుంది. తీరం వెంబడి ఊళ్లలో ఉప్పు గాలి టెన్షనర్ స్ప్రింగులను, పుల్లీలను తుప్పు పట్టిస్తుంది. టెక్కలి వైపు గ్రానైట్ క్వారీల దుమ్ము, పల్లె రోడ్ల కంకర ఉండనే ఉన్నాయి. బెల్టు కింది కవరు పగిలో, ఊడిపోయో ఉంటే ఒక్క రాయి ముక్క పళ్ల మధ్యలోకి వెళ్తే చాలు, సైకిల్ చైను జారినట్టు బెల్టు ఒక పన్ను జారిపోతుంది. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ తుఫాన్లలో నీట మునిగిన బండ్లు ఎన్నో చేతులు మారాయి. మునిగిన బండి అని అనుమానం వస్తే బెల్టు కవరు లోపల అడుగున ఎండిన బురద ఉందేమో చూడాలి. పైన ఎంత కడిగినా అక్కడిదాకా చెయ్యి వెళ్లదు.

ఇన్ని తెలియని విషయాల మధ్య నమ్మదగ్గది ఒక్కటే: బెల్టు మార్చిన బిల్లు. అమ్మేవాళ్ల మాటలన్నీ అబద్ధాలని కాదు. చాలామందికి వాళ్ల బండిలో ఏం మార్చారో వాళ్లకే తెలియదు. ‘మొన్ననే ఫుల్ సర్వీస్ చేయించాం’ అంటే ఆయిల్, ఫిల్టర్లు మార్చారన్నమాట. టైమింగ్ బెల్ట్ మామూలు సర్వీసులో రాదు. ‘బెల్టు మార్చాం’ అన్నా తొందరపడకూడదు. ఆల్టర్నేటర్, ఏసీ తిప్పే బెల్టు బయటికి కనిపిస్తుంది, తరచూ మారుస్తారు, ఖర్చు కొంచెమే. దాన్నే మనసులో పెట్టుకుని నిజాయతీగా బెల్టు మార్చామని చెప్పే ఓనర్లు ఎందరో. అందుకే ఏ బెల్టు అని అడగాలి. ‘కవరు విప్పి, ఇంజిన్ మౌంట్ తీసి, సగం రోజో ఒక రోజో పట్టిన పనేనా?’ అని అడిగితే జవాబులోనే తేలిపోతుంది.

బిల్లులో ఏముండాలంటే, తేదీ, ఆ రోజు మీటర్ రీడింగ్, బండి నంబరు ముందుగా. తర్వాత విడిభాగాల వరస. బెల్టు ఒక్కటే రాసి ఉంటే పని సగమే అయిందనుకోవాలి. బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్, దారి చూపే ఐడ్లర్ పుల్లీలు కూడా అన్నే చుట్లు తిరిగాయి. వాటి బేరింగ్ పట్టేస్తే కొత్త బెల్టయినా తెగుతుంది. చాలా ఇంజిన్లలో వాటర్ పంపును కూడా ఇదే బెల్టు తిప్పుతుంది. అది లీకైతే కూలెంట్ నేరుగా బెల్టు మీద పడుతుంది, మార్చాలంటే మళ్లీ మొత్తం విప్పాలి. కాబట్టి బెల్టు, టెన్షనర్, ఐడ్లర్, వాటర్ పంపు నాలుగూ ఒకేసారి మార్చిన బిల్లే నిజమైన బిల్లు. పాత ఎవోల్లో ఇంకో చిన్న బెల్టు కూడా ఉంటుంది, ఇంజిన్ అదురు తగ్గించే బ్యాలెన్స్ షాఫ్ట్‌ది. దాన్ని వదిలేస్తే అది తెగి పెద్ద బెల్టులో చిక్కుకుని దాన్నీ పాడుచేస్తుంది.

బిల్లు పోయిందంటే దారి మూసుకుపోయినట్టు కాదు. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో చేయించి ఉంటే చాసిస్ నంబరు మీద రికార్డు ఉంటుంది. ఓనరు వెంట వెళ్లి అడిగితే పాత జాబ్ కార్డుల వివరాలు దొరికే అవకాశం ఉంది. ఇక్కడ నంబరు ప్లేటు కూడా ఒక ఆధారం. ఏపీ 30 శ్రీకాకుళం, ఏపీ 31 విశాఖ, ఏపీ 35 విజయనగరం అన్న పద్ధతి 2019లో మారి, రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది. 2008 నాటి బండికి ఏపీ 39 నంబరు ఉందంటే అది బయటి రాష్ట్రం నుంచి వచ్చి ఇక్కడ మళ్లీ రిజిస్టర్ అయి ఉంటుంది. దాని సర్వీస్ చరిత్ర పాత నంబరు మీద, ఇంకో ఊళ్లో ఉంటుంది. ఆ పాత నంబరు అడిగి తెలుసుకోవాలి. షెడ్డులో చేయించి, తెల్లకాగితం మీద రాసిచ్చిన చీటీ అయితే ఆ మెకానిక్‌కు ఫోన్ చేసి మాట్లాడితే సరిపోతుంది. పని చేసినవాడికి ఆ బండి గుర్తుంటుంది.

తర్వాత బండి దగ్గర చేసే పరీక్ష. చాలా కార్లలో పైకవరు కొన్ని క్లిప్పులు, పది నంబరు బోల్టులు రెండో మూడో విప్పితే వచ్చేస్తుంది. ఓనరు ఒప్పుకుంటే ఇంజిన్ ఆపి, తాళంచెవి బయటికి తీసి, టార్చి వేసి చూడాలి. అంచులు పీచు లేచాయా, వీపు నున్నగా మెరుస్తోందా, పళ్లలో చీలికలున్నాయా, ఆయిల్ తడి ఉందా. ఆయిల్ తడి ఉంటే, ఆయిల్ బయటికి రాకుండా ఆపే కామ్ సీల్ గానీ క్రాంక్ సీల్ గానీ లీకవుతున్నట్టు. ఆయిల్ తగిలిన బెల్టును ఒక్క రోజు కూడా నమ్మడానికి లేదు. వాటర్ పంపు చుట్టూ ఎండిన కూలెంట్ మరక తెల్లగానో, గులాబీగానో కనిపిస్తుంది. చాలా బెల్టుల వీపు మీద తయారీదారు పేరు, పార్టు నంబరు అచ్చువేసి ఉంటాయి. అక్షరాలు స్పష్టంగా కనబడి, బిల్లులోని నంబరుతో సరిపోతే మంచిదే. అక్షరాలు పూర్తిగా అరిగిపోయిన బెల్టును ఆరు నెలల కింద మార్చామంటే నమ్మడం కష్టం.

ఇంత చూశాక కూడా ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. బెల్టు బాగున్నట్టు కనిపించడం సాక్ష్యం కాదు. పాత రబ్బరు బెల్టులు పగుళ్లు చూపించేవి. 1990ల నుంచి వాడుకలోకి వచ్చిన హెచ్‌ఎన్‌బీఆర్ రబ్బరు బెల్టులు చివరిదాకా పైకి నల్లగా, నునుపుగానే ఉంటాయి. లోపల గ్లాస్ ఫైబర్ తీగలు తెగిపోవడం కంటికి కనిపించదు. కాబట్టి చూసి తిరస్కరించవచ్చు గానీ, చూసి ఆమోదించకూడదు.

ట్రయల్ విషయంలో కుర్రాళ్లు ఎక్కువగా చేసే పని ఒకటి మానాలి. బెల్టు చరిత్ర తెలియని బండిని ‘పికప్ చూద్దాం’ అని రెడ్‌లైన్ (ఆర్‌పీఎం మీటర్‌లో ఎర్ర గీత) దాకా లాగకూడదు. అక్కడ తెగితే ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న గొడవ మొదలవుతుంది. నెమ్మదిగా నడిపినా తెలిసే సంగతులున్నాయి. చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు బెల్టు వైపు నుంచి ఈలలా, గరగరలా చప్పుడొస్తే టెన్షనర్ బేరింగ్ మీద అనుమానం. ఐడ్లింగ్ ఊగుతూ, పవర్ తక్కువగా ఉండి, చెక్ ఇంజిన్ లైటు వెలిగితే స్కానర్ పెట్టాలి. పీ0016 కోడ్ వస్తే క్రాంక్, కామ్ ఒకదానికొకటి సరిపోవడం లేదని. వైరింగ్, సెన్సర్ కారణాలూ ఉండొచ్చు గానీ, బెల్టు పన్ను జారి ఉండే అవకాశాన్ని కొట్టిపారేయకూడదు. ఫోర్డ్ 1.0 ఎకోబూస్ట్‌లో బెల్టు ఇంజిన్ లోపల ఆయిల్‌లోనే తిరుగుతుంది. తప్పు గ్రేడు ఆయిల్ వాడినా, ఆయిల్ సకాలంలో మార్చకపోయినా ఆ బెల్టు పొడిరాలి, ఆ పొడి వెళ్లి ఆయిల్ జల్లెడను మూసేస్తుంది. అలాంటి బండికి బెల్టు బిల్లుతో పాటు ప్రతి ఆయిల్ మార్పు బిల్లూ చూడాలి.

పని ఎవరితో చేయించాలన్నది ఈ జిల్లాల్లో నిజమైన సమస్య. ఇంజిన్ పని తెలిసినవాళ్లు లేరని కాదు. సాలూరు పేరు చెబితే లారీలే గుర్తొస్తాయి, అక్కడి మెకానిక్‌ల చేతి నైపుణ్యం ఎవరూ కాదనలేనిది. కానీ ఆ పెద్ద డీజిల్ ఇంజిన్లలో టైమింగ్ గేర్లుంటాయి, రబ్బరు బెల్టు వాళ్ల రోజువారీ పని కాదు. ఫియట్ టీ-జెట్ లాంటి ఇంజిన్లకు కామ్‌ను కదలకుండా పట్టి ఉంచే ప్రత్యేక లాకింగ్ టూల్స్ కావాలి. మార్కర్‌తో గీత పెట్టుకుని అంచనాగా వేస్తే ఒక పన్ను తేడా రావచ్చు. మెకానిక్‌ను అడగాల్సిన ప్రశ్న ‘చేయగలవా’ అని కాదు, ‘ఈ ఇంజిన్‌కు లాకింగ్ టూల్ ఉందా, టార్క్ రెంచ్ వాడతావా, చేతితో క్రాంక్‌ను రెండు చుట్లు తిప్పి మార్కులు సరిచూశాకే స్టార్ట్ చేస్తావా’ అని. మూడింటికీ అవునన్నవాడు విజయనగరంలో దొరికితే అక్కడే చేయించవచ్చు. లేకపోతే విశాఖ వెళ్లాలి. అనుమానం ఉన్న బండిని శ్రీకాకుళం నుంచి నూరు కిలోమీటర్లకు పైగా నడిపించుకుంటూ తీసుకెళ్లడం కంటే ట్రక్కు మీద ఎక్కించడం మేలు.

పార్టులు బేరానికి ముందే వెతకాలి. మన దేశంలో ఫియట్ కార్ల అమ్మకం ఆగిపోయింది, ఫోర్డ్ 2021లో తయారీ ఆపుతున్నట్టు ప్రకటించింది, మిత్సుబిషి కార్లు ఎప్పుడో పోయాయి. గేట్స్, కాంటినెంటల్, డేకో, ఐఎన్ఏ, ఎస్‌కేఎఫ్ లాంటి తయారీదారుల కిట్లు ఆన్‌లైన్‌లోనో, పెద్ద ఊళ్ల స్పేర్ పార్ట్స్ షాపుల్లోనో దొరుకుతాయా, ఎంతకు దొరుకుతాయి, ఇంజిన్ కోడ్‌కు సరిపోతాయా అన్నది అడ్వాన్స్ ఇచ్చేముందు తేల్చుకోవాలి. నకిలీ పెట్టెలూ మార్కెట్లో ఉన్నాయి. టైమింగ్ బెల్ట్‌లో రెండు మూడు వేలు మిగుల్చుకోవాలనుకోవడం ఎవరికీ లాభం కాదు.

బిల్లు లేకపోతే లెక్క సూటిగా ఉండాలి. బెల్టు ఎన్నడూ మార్చలేదనే అనుకుని, కిట్టు ధర, వాటర్ పంపు, కూలెంట్, లేబరు, అవసరమైతే విశాఖ దాకా ట్రక్కు కిరాయి కలిపి మొత్తాన్ని బండి ధరలో తగ్గించమనాలి. గాల్లో బేరమాడడం వేరు, మెకానిక్ దగ్గర రాయించుకున్న ఎస్టిమేట్ ఓనరు ముందు పెట్టడం వేరు. నిజాయతీగల అమ్మకందారు చాలాసార్లు సగానికైనా ఒప్పుకుంటాడు. కవరు కూడా విప్పనివ్వనంటే ఆ బండిని వదిలేయడమే మంచిది. అలాంటిదే ఇంకోటి దొరుకుతుంది.

కొన్నాక ఆర్‌సీలో పేరు మార్పు, ఇన్సూరెన్స్ బదిలీ పనులు నడుస్తుండగానే బెల్టు పని పూర్తి చేయించాలి. పండక్కి ఊరెళ్లొచ్చాక చూద్దాం అనుకోకూడదు. పని జరిగేటప్పుడు వీలైతే దగ్గరుండాలి. పాత బెల్టు, టెన్షనర్, పంపు అడిగి చేతికి తీసుకోవాలి. తేదీ, రీడింగ్, పార్టు నంబర్లు రాసిన స్టిక్కర్ ఒకటి బానెట్ లోపలి వైపు అంటించమనాలి. బిల్లును ఫొటో తీసి ఆర్‌సీ ఫొటోతో కలిపి దాచుకోవాలి. రేపు ఈ బండి ఇచ్ఛాపురం నుంచి వచ్చిన ఇంకో కుర్రాడి చేతికి వెళ్లేటప్పుడు అతను మొదట అడగాల్సిన కాగితం అదే.